గొలుసుకట్టు అణువులు

రబ్బరు వంటి పదార్థముల అణువులు, అనేక చిన్న అణువులు గొలుసుకట్టుగా కూడినవని 1920లో జర్మను శాస్త్రజ్ఞుడు హెర్మన్ స్టౌడింగర్ ప్రకటించెను. వీనికే పాలిమరులని పేరు. అంత పెద్ద అణువు ఉండజాలదని తోటివారు పలువురు ఆక్షేపించిరి. ఆయన వెనుదీయలేదు.

ఈ కూడిక ప్రధానముగా రెండు విధములు. ఇథిలీను అణువులు ద్విబంధములు విడి, నేరుగా కలిసి పాలిథీను అగును, ఇది సంకలనము. నైలాను గొలుసు పెరుగునపుడు ప్రతి కలయికయందును ఒక నీటి అణువు వెలువడును, ఇది సంఘననము.

గొలుసుల అమరికను బట్టియే గుణములు. గొలుసులు విడివిడిగా నున్న పాలిథీను వేడికి మెత్తబడి, చల్లారగానే గట్టిపడును. అడ్డుబంధములతో ముడిపడిన బేకలైటు కరుగదు. వేడి మితిమీరిన మాడిపోవును.

1953లో స్టౌడింగర్‌కు నోబెల్ బహుమానము లభించెను. అప్పటికి ఆయన వయస్సు 72 ఏండ్లు.