శస్త్రచికిత్స ఆసుపత్రిలో, పరిచర్య ఇంటిలో

చిత్తూరు సీమలోని పుత్తూరు పేరు వినని తెలుగువారు అరుదు. చేయో కాలో విరిగినవారు అక్కడికి వెళ్ళి ‘పుత్తూరు కట్టు’ కట్టించుకొని, ఆనాడే ఇంటిదారి పట్టడం తరతరాలుగా వస్తున్న అలవాటు. కట్టు కట్టే పని కొద్దిసేపటిది. ఆపైన వారాల తరబడి రోగిని కనిపెట్టుకొని ఉండే భారం ఇంటివారిది. విచిత్రమేమంటే, ఆధునిక ఎముకల శస్త్రచికిత్స కూడా నేడు చాలావరకు ఈ పద్ధతికే చేరుకొన్నది. మిస్సిసాగాలోని మన కుటుంబాలలో ఉదయం ఆసుపత్రికి వెళ్ళి, మోకాలికో భుజానికో శస్త్రచికిత్స చేయించుకొని, సాయంత్రానికి ఇల్లు చేరినవారు ఎందరో ఉన్నారు.

ఈ మార్పులో మన పొరుగు నగరమైన టొరాంటోకు గొప్ప పాత్ర ఉన్నది. 1962లో టోక్యోలో డాక్టర్ మసాకి వతనబే, ఆర్త్రోస్కోపు అనే సన్నని గొట్టాన్ని మోకీలులోనికి పంపి, చిరిగిన మెనిస్కస్ ముక్కను తొలగించారు. 1964లో అక్కడికి వెళ్ళిన టొరాంటో వైద్యులు రాబర్ట్ జాక్సన్ ఆ విద్యను అభ్యసించి ఉత్తర అమెరికాకు తెచ్చారు. కోత చిన్నదయింది, ఆసుపత్రిలో ఉండవలసిన కాలమూ తగ్గింది. 2020లో కోవిడ్ వ్యాధి ప్రబలిన తరువాత, కృత్రిమ మోకీలు అమర్చిన రోగులను సైతం అదే రోజు ఇంటికి పంపడం కెనడాలో బాగా పెరిగింది.

ఇంటికి పంపవచ్చునని ఎట్లా నిర్ణయిస్తారు? ఇందుకు 1990లలో టొరాంటో వెస్టర్న్ ఆసుపత్రికి చెందిన డాక్టర్ ఫ్రాన్సెస్ చుంగ్, ఆమె సహచరులు ఒక మార్కుల పట్టికను రూపొందించారు. రక్తపోటు–నాడి, నడక, వాంతులు, నొప్పి, రక్తస్రావం అనే ఐదు అంశాలకు తలా 2 మార్కులు. మొత్తం 10కి 9 వచ్చిన రోగి ఇంటికి వెళ్ళవచ్చును. ఈ లెక్క వేసేది సాధారణంగా నర్సు.

అయితే ఈ మార్కులు ఆ గడియకు చెందినవే. శస్త్రచికిత్సకు ముందు నరాల చుట్టూ ఇచ్చే రోపివకెయిన్ వంటి మందు, నరపు పొరలలో సోడియం అయానులు ప్రవేశించే ద్వారాలను మూసివేస్తుంది. నొప్పి వార్త మెదడుకు చేరదు. కొన్ని గంటల తరువాత, తరచుగా నడిరాత్రివేళ, ఆ ద్వారాలు తెరుచుకొంటాయి. సాయంత్రం 10 మార్కులు వచ్చిన రోగి తెల్లవారుజామున విలవిలలాడవచ్చును. మందు పనిచేస్తున్నంతసేపూ కాలు మొద్దుబారి ఉంటుంది కనుక పడిపోయే ప్రమాదమున్నది. కట్టు బిగుసుకొన్నా తెలియదు. అందుకే నర్సు ఇంటికి పంపే ముందు అన్ని ప్రశ్నలు వేస్తుంది, అన్ని జాగ్రత్తలు చెబుతుంది.

ఆ ప్రశ్నల విలువ నాకు స్వానుభవంతో తెలిసింది. మా అమ్మగారికి మోకాలి శస్త్రచికిత్స జరిగిన నాడు, “ఇంటివద్ద ఏయే మందులు వాడతారు?” అని నర్సు అడిగింది. అమ్మను తెలుగులో అడగకుండా, “రక్తపోటు మాత్ర ఒక్కటే” అని నేనే జవాబిచ్చాను. ఆసుపత్రివారు ఆరు గంటలకొకసారి 1,000 మిల్లీగ్రాముల ఎసిటమినోఫెన్ వేసుకోమన్నారు. ఆ రాత్రి అమ్మ తలదిండు పక్కన హైదరాబాదు నుండి తెచ్చుకొన్న 650 మిల్లీగ్రాముల మాత్రల అట్ట కనిపించింది. అప్పటికే అందులోంచి రెండు వేసుకొన్నారు. దానిమీద ఉన్న పేరు పారాసిటమాల్.

ఈ రెండు పేర్లూ ఒకే పదార్థానివి. పారా–అసిటైల్–అమినోఫినాల్ అనే రసాయన నామాన్ని ఒక దేశం ఒక విధంగా, మరొక దేశం మరొక విధంగా కుదించుకొన్నాయి. ఆరోగ్యవంతుడైన పెద్దవానికి 24 గంటలలో 4,000 మిల్లీగ్రాములు మించరాదు. వృద్ధులకు, కాలేయవ్యాధి ఉన్నవారికి వైద్యులు ఇంకా తక్కువ చెప్పవచ్చును. ఆసుపత్రివారు చెప్పిన మోతాదుతోనే ఆ పరిమితి నిండిపోతుంది. ఈ మందులో కొంత భాగం కాలేయంలో విషపదార్థంగా మారుతుంది. గ్లూటాథయోన్ దానిని నిర్వీర్యం చేస్తుంది. మోతాదు మించితే గ్లూటాథయోన్ నిల్వ తరిగిపోయి కాలేయకణాలు దెబ్బతింటాయి. అదృష్టవశాత్తు ఆనాడు లెక్క పరిమితి లోపలే ఉన్నది. అట్ట కంటబడకపోతే మరునాటికి దాటిపోయేది. రసాయనశాస్త్రంలో డాక్టరేటు ఉన్నవాడి ఇంట జరిగిన సంగతి ఇది. నర్సు ప్రశ్న సరియైనదే, తప్పిన జవాబు నాది.

శస్త్రచికిత్సాశాలలోనూ పాఠం ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఒక భద్రతా పట్టికను ప్రవేశపెట్టింది. రోగి ఎవరు, ఏ కాలు, ఏ మందు పడదు అని అందరి ఎదుటా అడిగి సరిచూసుకోవాలి. ఢిల్లీ, టొరాంటోలతో సహా ఎనిమిది నగరాలలో జరిగిన అధ్యయనంలో మరణాలు నూటికి 1.5 నుండి 0.8కి తగ్గినట్లు 2009లో ప్రకటించారు. కాని ఒంటారియోలోని 101 ఆసుపత్రులను పరిశీలించిన 2014 నాటి అధ్యయనంలో చెప్పుకోదగిన తగ్గుదల కనిపించలేదు. కారణాలు అనేకం కావచ్చును. కాగితంపై టిక్కు పెట్టినంత మాత్రాన భద్రత రాదనేది మాత్రం స్పష్టం. అడిగేవారు మనసుపెట్టి అడగాలి, చెప్పేవారు నిజం చెప్పాలి.

మన పెద్దలు ఎదుటివారికి శ్రమ కలిగించరాదని “ఏం ఫర్వాలేదమ్మా” అంటారు. నర్సు ఆ మాటను నొప్పి లేదనే అర్థంలో రాసుకొంటుంది. కనుక వారి ప్రశ్నలను వారినే తెలుగులో అడిగి, వారి జవాబునే చెప్పండి. అవసరమైతే దుబాసీని కోరండి. ఆయుర్వేద గుళికలతో సహా మందులన్నీ సంచిలో వేసి చూపండి. కోయవలసిన కాలిపై గుర్తు పెట్టేటప్పుడు రోగి మెలకువగా ఉండి సరిచూసుకోవాలి. మొదటి రాత్రి ఒకరు తోడు పడుకోవాలి. మాత్రలకు లొంగక నొప్పి పెరుగుతున్నా, వేళ్ళు చల్లబడినా, నీలిరంగుకు తిరిగినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. పిక్క వాచినా ఆ రోజే వైద్యునికి చూపాలి. ఊపిరి అందకపోతే 911కు, కేవలం సందేహమైతే 811కు ఫోను చేయాలి. 811లో ఏ వేళనైనా నర్సు సలహా దొరుకుతుంది.

పుత్తూరులో కట్టు కట్టించుకొని ఇంటికి వచ్చినవారికి ఇంటివారే కాపలా ఉండేవారు. మిస్సిసాగాలోనూ ఆ కాపలా ఉద్యోగం మనకే మిగిలి ఉన్నది.