యంత్రం ఊనిక నేర్చిన కథ

కెనడాకు చెందిన పీటర్ గ్యానన్ సంస్థ పీజీ మ్యూజిక్ 1990లో ‘బ్యాండ్ ఇన్ ఎ బాక్స్’ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను తెచ్చింది. తెర మీద గళ్లుంటాయి. పాటకు కావాల్సిన కార్డ్‌లను (కలిసి మోగే స్వరాల గుంపులను) వాటిలో టైప్ చేసి, ఏ శైలి కావాలో ఎంచుకుంటే పియానో, బేస్, డ్రమ్స్ అందుకుంటాయి. ఇంట్లో ఒంటరిగా సాధన చేసుకునే శాక్సోఫోన్ కళాకారుడికి అర్ధరాత్రయినా పక్కవాద్యం దొరికింది.

పక్కవాద్యం దొరకడం ఒక్కటే సరిపోదు. అది చెప్పిన మాట వినాలి. పల్లవి చివర అందరూ ఒక్కసారిగా ఆగాలి, చరణం మొదట్లో ఒకే ఒక్క దెబ్బ పిడుగులా పడాలి. ఈ ప్రోగ్రామ్‌లో అందుకు చుక్కలున్నాయి. ‘సి’ కార్డ్ పక్కన ఒక చుక్క పెడితే అక్కడ వాద్యాలు మౌనం వహిస్తాయి. రెండు చుక్కలు పెడితే అన్నీ కలిసి ఒక్క దెబ్బ కొట్టి ఆగుతాయి. దీన్ని షాట్ అంటారు. మూడు చుక్కలైతే కొట్టిన నాదాన్ని అలాగే నిలుపుతాయి. చుక్క వెనుక బి, డి అక్షరాలు చేరిస్తే బేస్, డ్రమ్స్ నడుస్తూనే ఉంటాయి, మిగతావి ఆగుతాయి. కార్డ్ ముందు టోపీ గుర్తు పెడితే దెబ్బ అర మాత్ర ముందుకు జరుగుతుంది. అది పుష్.

కర్ణాటక సంగీతం విన్నవారికి ఈ చివరిది కొత్త కాదు. తాళం కన్నా ముందే పాట ఎత్తుకుంటే అతీతం, తాళం మొదలయ్యాక ఎత్తుకుంటే అనాగతం అంటాం. మంచి మృదంగ విద్వాంసుడు ఆ ఎత్తుగడను పట్టుకుని, సంగతి ముగిసే చోట తన చేతినీ ఆపుతాడు. మనిషికి కనుసైగ చాలు. యంత్రానికి ఆ సైగ అర్థం కావడానికి అరవై ఏళ్లు పట్టింది.

1931లో అమెరికన్ స్వరకర్త హెన్రీ కవెల్ కోరిక మీద రష్యన్ ఆవిష్కర్త లెవ్ థెరెమిన్ ‘రిథమికాన్’ అనే యంత్రాన్ని తయారుచేశాడు. రంధ్రాలున్న చక్రాలు తిరుగుతుంటే వాటిగుండా వెలుతురు ఫోటోసెల్ మీద పడేది. వెలుతురు తగిలినప్పుడల్లా ఒక శబ్దం. ఒకే కాలంలో ఒకటి, రెండు, మూడు... అలా పదహారు రకాల లయలను ఏకకాలంలో వినిపించగలిగేది. పది వేళ్లకు సాధ్యంకాని పని అది. అయినా ఆ దెబ్బలన్నీ ఒకే తూకంలో పడేవి.

1959లో వుర్లిట్జర్ కంపెనీ ‘సైడ్‌మ్యాన్’ను అమ్మకానికి పెట్టింది. పెద్ద చెక్కపెట్టె, లోపల మోటార్‌తో తిరిగే చక్రం, దాని మీద విద్యుత్ స్పర్శ బిందువులు. వాల్ట్జ్, ఫాక్స్‌ట్రాట్, చాచాచా వంటి పన్నెండు నడకలు అందులో ముందే బిగించి ఉండేవి. వేగం మార్చుకోవచ్చు గానీ నడక మార్చడానికి వీల్లేదు. టోక్యో నైట్‌క్లబ్‌లో అకార్డియన్ వాయించే తదాషి ఒసనాయికి ఈ పెట్టే పక్కవాద్యం. దాని వాయింపు ఆయనకు తృప్తినివ్వలేదు. అంతకన్నా మంచిది తాను చేయగలనని క్లబ్ యజమాని త్సుతోము కాటోను ఒప్పించాడు. ఇద్దరూ కలిసి 1963లో ‘డోంకామాటిక్’ను తెచ్చారు. వారి కెయో సంస్థే తర్వాత కోర్గ్ అయింది. వాద్యకారుడి అసంతృప్తిలోంచి ఇలా ఒక పెద్ద పరిశ్రమ పుట్టింది.

1967లో ఇకుతారో కకెహాషి ‘రిథమ్ ఏస్ ఎఫ్‌ఆర్-1’ తెచ్చాడు. పదహారు నడకలు, రెండు మీటలు కలిపి నొక్కితే మిశ్రమ నడకలు. తాళపు చిప్ప, కౌబెల్, క్లేవ్స్, బేస్ డ్రమ్‌లకు విడివిడి మీటలు కూడా ఇచ్చాడు. వాద్యకారుడి వేలికి అందిన స్వేచ్ఛ అప్పటికి అంతే. అదే కకెహాషి స్థాపించిన రోలాండ్ సంస్థ 1978లో సీఆర్-78తో సొంత నడకలను జ్ఞాపకం పెట్టుకునే సౌకర్యం కల్పించింది. ఫిల్ కాలిన్స్ ‘ఇన్ ది ఎయిర్ టునైట్’ మొదట్లో గుసగుసలాడే లయ దానిదే.

అసలు మలుపు 1980లో వచ్చింది. రోలాండ్ టీఆర్-808 ముందు వరుసలో ఎరుపు, నారింజ, పసుపు, తెలుపు రంగుల్లో పదహారు మీటలున్నాయి. నాలుగు మాత్రల ఆవృతాన్ని పదహారు భాగాలు చేస్తే ఒక్కో భాగానికి ఒక్కో మీట. బేస్ డ్రమ్ ఎంచుకుని 1, 5, 9, 13 మీటలు నొక్కితే ప్రతి మాత్రకూ ఒక ‘ధుం’ పడుతుంది. వాద్యాలను ఎంచుకునే చక్రంలో, వాటితోపాటే, శబ్దం లేని ఒక స్థానం ఉంది. దాని పేరు యాక్సెంట్, అంటే ఊనిక. అక్కడికి తిప్పి ఏ మీటలు వెలిగిస్తే ఆ చోట్ల పడే దెబ్బలన్నీ బలంగా పడతాయి. ఎంత బలంగా అన్నది ఒక గుబ్బ నిర్ణయిస్తుంది.

ఈ ఏర్పాటులో ఒక ఇరుకు ఉంది. ఊనిక వాద్యానికి కాదు, గడికి పడుతుంది. ఐదో గడిలో స్నేర్ డ్రమ్ బలంగా కావాలంటే అదే గడిలో ఉన్న హైహ్యాట్ సింబల్ కూడా గట్టిగా మోగుతుంది. అయినా పదహారు దెబ్బల్లో మూడింటికి బరువు వేయగానే అదే నడక ఊగడం మొదలవుతుంది. ఎక్కడ బరువు వేయాలో నిర్ణయించే హక్కు సంగీతకారుడి చేతికి వచ్చింది. సుమారు పన్నెండు వేల యంత్రాలు అమ్ముడయ్యాక 1983లో తయారీ ఆగిపోయింది. అప్పటికే 1982లో మార్విన్ గే ‘సెక్సువల్ హీలింగ్’, ఆఫ్రికా బంబాటా ‘ప్లానెట్ రాక్’ దాని మీద నడిచాయి. అదే ఏడాది చరణ్‌జిత్ సింగ్ ఈ యంత్రంతో హిందుస్థానీ రాగాలను డిస్కో నడకలో రికార్డు చేశాడు. అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోని ఆ ఆల్బమ్‌ను దశాబ్దాల తర్వాత ప్రపంచం వెతికి మరీ విన్నది.

808 పుట్టిన ఏడాదే అమెరికాలో రోజర్ లిన్ ఎల్ఎమ్-1 తెచ్చాడు. ధర దాదాపు ఐదు వేల డాలర్లు, అంటే 808కి నాలుగు రెట్లు. అసలైన డ్రమ్ దెబ్బలను రికార్డు చేసి చిప్‌లలో భద్రపరచిన తొలి డ్రమ్ యంత్రం ఇదే. జ్ఞాపకశక్తి చాలక సింబల్‌ను మాత్రం వదిలేయాల్సి వచ్చింది. ప్రిన్స్ పాటల్లో ఇది మారుమోగింది. లిన్ చేసిన అసలు మేలు మాత్రం స్వింగ్. నిమిషానికి 120 మాత్రల వేగంలో ఒక మాత్ర అరసెకను. దాన్ని నాలుగు చేస్తే ఒక్కో గడికి 125 మిల్లీసెకన్లు. జంట గళ్లకు 250. రెండో దెబ్బ సరిగ్గా మధ్యలో, 125 దగ్గర, పడితే అది సైనిక కవాతు. స్వింగ్‌ను 62 శాతానికి పెడితే అదే దెబ్బ 155 దగ్గర పడుతుంది. ముప్పై మిల్లీసెకన్ల ఆలస్యం, అంతే. కాలు దానంతటదే ఆడుతుంది. బలమే కాదు, ఆలస్యం కూడా ఊనికేనని లిన్ నిరూపించాడు. 1988లో అకాయ్ కోసం ఆయన రూపొందించిన ఎంపీసీ-60లో వేలి ఒత్తిడిని కొలిచే పదహారు ప్యాడ్‌లున్నాయి. ఆ వంశంలోని ఎంపీసీ-3000 మీద జె డిల్లా గళ్లకు కట్టుబడకుండా చేత్తో వాయించి హిప్‌హాప్ నడకనే మార్చాడు. ఆయన యంత్రం ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ వారి ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర మ్యూజియంలో ఉంది.

ఈలోగా 1983లో మిడి వచ్చింది. కకెహాషి, అమెరికన్ ఇంజనీర్ డేవ్ స్మిత్ చొరవతో వేర్వేరు కంపెనీల వాద్యాలన్నీ ఒకే భాషలో మాట్లాడుకోసాగాయి. ఇందులో ప్రతి దెబ్బకూ వెలాసిటీ అనే విలువ ఉంటుంది, 1 నుంచి 127 దాకా. 808లో ఉన్నది రెండే మెట్లు: మామూలు, గట్టి. ఇప్పుడు నూట ఇరవై ఏడు, అదీ ఒక్కో వాద్యానికి విడివిడిగా. 1991లో జనరల్ మిడి ప్రమాణం పదో ఛానల్‌ను డ్రమ్స్‌కు కేటాయించింది. 36 అంటే బేస్ డ్రమ్, 38 స్నేర్, 42 మూసిన హైహ్యాట్, 49 క్రాష్ సింబల్. ఎనిమిది పలకల ఆక్టోప్యాడ్ మీద పుల్లతో కొట్టిన ప్రతి దెబ్బా ఇలాంటి అంకెగానే మారుతుంది. మన ఊళ్లలో ఆర్కెస్ట్రా వేదికల మీద వినిపించే దరువుల్లో చాలా భాగం అలా పుట్టినవే.

అంకె పెంచితే శబ్దం పెరుగుతుంది. కానీ గట్టి దెబ్బంటే పెద్ద శబ్దం ఒక్కటే కాదు. బలంగా కొట్టినప్పుడు డ్రమ్ తోలు క్షణకాలం మరింత బిగుసుకుంటుంది, అందుకే స్వరం కాస్త పైకి లేచి కిందికి జారుతుంది. మెల్లగా తాకినప్పుడు నిద్రపోయే పై కంపనాలు కూడా మేల్కొంటాయి, స్నేర్ అడుగున ఉన్న తీగలు కసిగా గలగలమంటాయి. మెత్తని దెబ్బను రికార్డు చేసి వాల్యూమ్ పెంచినంత మాత్రాన ఇవేవీ రావు. అందుకే ఇప్పటి డ్రమ్ సాఫ్ట్‌వేర్ ఒకే స్నేర్‌ను మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా కొట్టించి ఎన్నో పొరలుగా దాచుకుంటుంది. ఒకే పొరలో కూడా కొన్ని రికార్డింగ్‌లు మార్చి మార్చి వాడుతుంది. లేకపోతే వేగంగా పడే దెబ్బలన్నీ ఒకేలా ఉండి మెషిన్‌గన్ పేలినట్టు వినిపిస్తుంది.

మన వాద్యాలకొచ్చేసరికి చిక్కు ఇంకా పెద్దది. విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ 1920లోనే ‘నేచర్’ పత్రికలో మన మృదంగం, తబలాల గురించి రాశాడు. తోలు మధ్యలో వేసే నల్లటి కరణి వల్ల వాటి ఉపస్వరాలు పొందికైన నిష్పత్తుల్లో పలుకుతాయని తేల్చాడు. అందుకే త, ధి, తొం, నం అనేవి ఒకే శబ్దానికి నాలుగు బలాలు కావు, నాలుగు వేర్వేరు నాదాలు. ఇక్కడ ఊనిక అంటే దెబ్బ గట్టితనం ఎంతో, ఏ వేలు ఎక్కడ పడిందన్నదీ అంతే. ఒక్క వెలాసిటీ అంకెలో అది ఇమడదు.

2000ల దశకం చివర్లో పక్కవాద్య సాఫ్ట్‌వేర్ మరో దారి పట్టింది. స్టూడియోలో అసలు డ్రమ్మర్ల వాయింపును రికార్డు చేసి, పాటకు తగ్గట్టు ముక్కలు అతికించి వినిపించసాగింది. సహజత్వం అద్భుతంగా పెరిగింది. కానీ రికార్డింగ్‌లో కలిసిపోయిన దెబ్బ మిడి అంకెలా చెరిపి రాయడానికి లొంగదు. మూడో మాత్ర మీద ఒంటరి షాట్ కావాలంటే ఆ దెబ్బ విడిగా రికార్డై ఉండాలి, దాని ముందు వెనుకల సింబల్ రణనం తెగకుండా అతకాలి. సహజత్వమూ మాట వినడమూ ఇంకా పూర్తిగా ఒక చోట చేరలేదు. 2013లో యాపిల్ ‘లాజిక్ ప్రో ఎక్స్’లో డ్రమ్మర్ అనే సదుపాయం తెచ్చింది. ఒక పలక మీద చుక్కను మెత్తన నుంచి గట్టికి, సరళం నుంచి క్లిష్టానికి జరుపుతారు. గిటార్‌నో బేస్‌నో అనుసరించమంటే బేస్ డ్రమ్, స్నేర్ దాని ఊనికల వెంట నడుస్తాయి.

మనిషి తడబాటును కూడా శాస్త్రం కొలిచింది. హోల్గర్ హెన్నిగ్ బృందం 2011లో ఒక ఘనా డ్రమ్మర్ వాయింపును పరిశీలించింది. అతడి దెబ్బలు లెక్కకు కాస్త ముందో వెనుకో పడుతున్నాయి గానీ అడ్డదిడ్డంగా కాదు. ఒక దెబ్బ జరుగుబాటుకు చాలాసేపటి తర్వాతి దెబ్బలతో కూడా సంబంధం ఉంది. యాదృచ్ఛికంగా జరిపిన దెబ్బల కన్నా ఇలా జరిపినవే శ్రోతలకు నచ్చాయి. ‘హ్యూమనైజ్’ మీట నొక్కితే అంకెలను పాచికలు వేసినట్టు చెదరగొట్టే సాఫ్ట్‌వేర్‌లు ఈ ఫలితాన్ని గంభీరంగా తీసుకోవాలి.

తెలుగు సంగీతకారుడికి మిగిలిన పని తాళాల దగ్గర ఉంది. పక్కవాద్య సాఫ్ట్‌వేర్‌తో వచ్చే శైలులు ఎక్కువగా నాలుగు, మూడు మాత్రలవే. మిశ్రచాపు కావాలంటే పద్నాలుగు గళ్ల నడకను సొంతంగా కట్టుకోవాలి. ఏడు అక్షరాలకు రెండేసి గళ్లు. ఒకటో గడిలో వెలాసిటీ 110తో బరువైన దెబ్బ, ఏడు, పదకొండు గళ్లలో 85తో కాస్త తేలికవి, మధ్యలో 40 దాటని చిరుదెబ్బలు. పాట అనాగతంలో ఎత్తుకుంటే మొదటి గడి బరువు తగ్గించి, ఎత్తుగడ పడే గడికి మార్చాలి. బ్యాండ్ ఇన్ ఎ బాక్స్‌లోని స్టైల్‌మేకర్‌లో ఇలా కట్టిన ఒక్కో నడకకు 1 నుంచి 9 దాకా ప్రాధాన్యం ఇవ్వవచ్చు. ఎక్కువ అంకె ఉన్నది ఎక్కువసార్లు వినిపిస్తుంది. ఈ గళ్లను ఊహించి నింపడం కన్నా, మృదంగమో డప్పో చేతికి పట్టుబడినవారితో ప్యాడ్ మీద వాయించి పట్టుకుని, అదే మిశ్రచాపును కనీసం నాలుగైదు రకాల నడకల్లో దాచుకుంటే, కీబోర్డ్ ముందు ఒంటరిగా కూర్చున్న గాయనికి ఆ ఏడు అక్షరాలూ ప్రతి ఆవృతంలోనూ ఒకేలా పడవు.