ఇంటర్వ్యూకు సైకిల్‌ డైనమో!

డిప్లొమానో, బీటెక్కో పూర్తిచేసి ఎలక్ట్రికల్‌, ఎలక్ట్రానిక్స్‌ కోర్‌ ఉద్యోగాలకు ప్రయత్నిస్తున్నారా? రెజ్యూమెలో ప్రాజెక్టు పేరు చూడగానే ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: 'ఇందులో మీరేం చేశారు?' రెడీమేడ్‌ కిట్‌ కొని, రిపోర్టు బైండింగ్‌ చేయించినవారు దొరికిపోయేది ఇక్కడే. టైటిల్‌ ఎంత ఘనంగా ఉన్నా రెండో ప్రశ్నకే గొంతు తడారిపోతుంది.

దానికంటే ఇంట్లో మూలనపడ్డ సైకిల్‌ నయం. టైరుకు ఆనుకుని తిరిగే పాతకాలం డైనమో ఒకటి సంపాదించండి. సాధారణంగా 6 వోల్టులు, 3 వాట్లు అని రాసి ఉంటుంది. దాంతో బ్యాటరీ ఛార్జ్‌ చేసి లైట్లు వెలిగించడమే ప్రాజెక్టు. ఇదేం పెద్ద పనా అనిపించొచ్చు. మొదలుపెడితే తెలుస్తుంది.

డైనమో అంటాం కానీ అది ఇచ్చేది ఏసీ. బ్యాటరీకి డీసీ కావాలి కాబట్టి నాలుగు డయోడ్ల బ్రిడ్జ్‌ రెక్టిఫైయర్‌ తప్పదు. మామూలు సిలికాన్‌ డయోడ్‌ ఒక్కోటి 0.7 వోల్టులు తినేస్తుంది. కరెంటు ఒకేసారి రెండింటి గుండా వెళ్తుంది కాబట్టి 1.4 వోల్టులు హుళక్కి! 230 వోల్టుల దగ్గర ఇదో లెక్క కాదు. 6 వోల్టుల దగ్గర మాత్రం దాదాపు నాలుగో వంతు. అందుకే షాట్కీ డయోడ్లు వాడండి, నష్టం సగానికి తగ్గుతుంది.

వైరింగ్‌లో ఇంకో మెలిక. చాలా డైనమోలకు ఒక్క వైరే బయటికి వస్తుంది. రెండో కొస బాడీ ద్వారా సైకిల్‌ ఫ్రేముకు కలుస్తుంది. రెక్టిఫైయర్‌ తర్వాత వచ్చే నెగెటివ్‌ను కూడా మీరు ఫ్రేముకే కలిపారనుకోండి, బ్రిడ్జ్‌లో ఒక డయోడ్‌ షార్టయినట్టే. ఏసీలో సగం వృథా. డీసీ వైపు రెండు వైర్లూ విడిగా లాగాలి, ఏదీ ఫ్రేముకు తగలకూడదు.

ఇక అసలు ప్రశ్న. వేగం రెట్టింపైతే పుట్టే వోల్టేజీ కూడా రెట్టింపవుతుంది, ఫారడే సూత్రం చదివినవాళ్లకు తెలిసిందే. మరి గట్టిగా తొక్కితే బల్బు ఎందుకు మాడిపోదు? ఎందుకంటే వేగంతోపాటు ఫ్రీక్వెన్సీ, దాంతోపాటే తీగచుట్ట ఇండక్టివ్‌ రియాక్టెన్స్‌ పెరుగుతాయి. కరెంటు అర ఆంపియర్‌ దగ్గర దాదాపు ఆగిపోతుంది. ముందూ వెనకా లైట్లున్న సైకిల్‌ తొక్కిన తాతగారెవరైనా ఉంటే అడగండి. వెనక బల్బు మాడితే కాసేపటికి ముందుదీ పోయేది. రెండు బల్బులు పంచుకోవాల్సిన కరెంటంతా ఒక్కదాని మీదే పడేది మరి.

ఇదే గుణం బ్యాటరీ దగ్గర ప్రమాదం తెస్తుంది. లిథియం అయాన్‌ సెల్‌ 4.2 వోల్టులకు చేరి నిండాక ఛార్జర్‌ మాడ్యూల్‌ కరెంటు తీసుకోవడం ఆపేస్తుంది. డైనమోకు ఆ సంగతి తెలియదు కదా! లోడు లేకుండా వేగంగా తిరిగితే దాని వోల్టేజీ పదుల్లోకి ఎగబాకుతుంది. అందరూ వాడే టీపీ4056 మాడ్యూల్‌ తట్టుకునేది 8 వోల్టులే. మధ్యలో 6.8 వోల్టుల జీనర్‌ పెట్టొచ్చు, కానీ అర ఆంపియర్‌తో అది భరించాల్సింది 3.4 వాట్లు. అంటే 1 వాట్‌ జీనర్‌ కాలిపోతుంది, 5 వాట్లది కావాలి. 'బ్యాటరీ నిండాక ఏమవుతుంది?' అని ఇంటర్వ్యూలో అడిగితే మీ దగ్గర జవాబు ఉన్నట్టే.

మొబైల్‌ ఛార్జింగ్‌ మీద మాత్రం పెద్ద ఆశలొద్దు. 2600 ఎంఏహెచ్‌ సెల్‌ అర ఆంపియర్‌తో నిండాలంటే ఐదు గంటలకు పైగా తొక్కాలి. లైట్లకైతే భేష్‌. గంట తొక్కితే దాచుకున్న కరెంటుతో 1 వాట్‌ ఎల్‌ఈడీ, సైకిల్‌ ఆగి ఉన్నా, గంటన్నరకు పైగా వెలుగుతుంది. లిథియం సెల్‌కు ప్రొటెక్షన్‌ సర్క్యూట్‌ తప్పనిసరి. సెల్‌ మీద నేరుగా సోల్డరింగ్‌ చేయొద్దు, హోల్డర్‌ వాడండి.

డైనమోను వెనక చక్రానికి బిగించి, స్టాండు వేసి, పెడల్‌ను చేత్తో తిప్పుతూ రీడింగులు తీయండి. లోడుతో ఎంత, లోడు తీసేస్తే ఎంత, ఏ వేగం దగ్గర కరెంటు పెరగడం ఆగింది... అన్నీ నోట్‌బుక్‌లో రాసుకోండి. రెజ్యూమెలో 'సైకిల్‌ పవర్‌ జనరేషన్‌' అని రాస్తే ఎవరూ ఆగి చూడరు. 'లోడు తీసేసినప్పుడు డైనమో వోల్టేజీ ఎంత పెరుగుతుందో కొలిచి, ఛార్జర్‌కు ఓవర్‌ వోల్టేజీ రక్షణ ఏర్పాటు చేశాను' అని రాసి, మీకొచ్చిన అంకెలు చేర్చండి. ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు సర్టిఫికెట్ల ఫైలుతోపాటు ఆ నోట్‌బుక్‌ కూడా పట్టుకెళ్లండి.