‘హోల్డ్’ అంటే ఓటమి కాదు!

కౌంట్‌డౌన్ సున్నాకు చేరువవుతుంటుంది. అందరి కళ్లూ ఆకాశం వైపే. సరిగ్గా అప్పుడే మైకులో ‘హోల్డ్’ అని వినిపిస్తుంది. పులికాట్ సరస్సు దాటి శ్రీహరికోటకు వచ్చిన జనం ఉసూరుమంటారు. కానీ, షార్ చరిత్ర తిరగేస్తే... సమయానికి ఆగినందుకే గెలిచిన ప్రయోగాలు కనిపిస్తాయి!

విమానం ఆలస్యమైతే కారణం రాసి తీరాలి. అందుకోసం అంతర్జాతీయ విమాన రవాణా సంఘం రెండంకెల కోడ్‌లు పెట్టింది. 41తో మొదలయ్యే వరస సాంకేతిక లోపాలకి, 71 వరస వాతావరణానికి. 93 అంటే, రావాల్సిన విమానమే ఆలస్యంగా వచ్చిందని. పక్కనే ఎన్ని నిమిషాలో రాస్తారు. ఆలస్యం ఏ విభాగం ఖాతాలో పడాలో దాంతో తేలిపోతుంది.

రాకెట్ల ఆలస్యాలకూ ఇంచుమించు ఇవే కారణాలు.

ఓడ రాలేదని...

మంగళ్‌యాన్ 2013 అక్టోబరు 28న బయల్దేరాలి. దాని జాడ కనిపెట్టాల్సిన ఓడ పసిఫిక్‌లో వాతావరణం బాగోలేక ఫిజీ దగ్గరికి ఆలస్యంగా చేరింది. ప్రయోగం నవంబరు 5కి మారింది. అచ్చం విమానాల 93 లాంటిదే! పైన ట్రాఫిక్ కూడా ఉంటుంది. 2012 సెప్టెంబరు 9న అంతరిక్ష శకలాలు అడ్డొస్తాయని పీఎస్‌ఎల్‌వీ-సి21ని 2 నిమిషాలు ఆపారు.

ఒక్క సెకను ముందు

గాల్లోకి లేచాక లోపం బయటపడితే విమానాన్ని వెనక్కి తిప్పొచ్చు. రాకెట్‌కు ఆ వీల్లేదు. తప్పేదో నేలమీదే పట్టుకోవాలి. 2001 మార్చి 28న తొలి జీఎస్‌ఎల్‌వీ ఇంజిన్లు మండాయి. ఒకదాంట్లో తగినంత బలం రాలేదని కంప్యూటర్ ఒక్క సెకను ముందు ఆపేసింది. ఏప్రిల్ 18న అదే రాకెట్ నింగికెగిరింది.

2013 ఆగస్టు 19న జీఎస్‌ఎల్‌వీ-డి5 రెండో దశలో ఇంధనం కారుతోందని 74 నిమిషాల ముందు గుర్తించారు. ఆ దశనే కొత్తగా తయారుచేశారు. 2014 జనవరి 5న మన క్రయోజెనిక్ ఇంజిన్ తొలి విజయం అందుకుంది. అదీ... ఆగిన ఫలితం!

చంద్రయాన్-2నీ 2019 జులై 15న 56 నిమిషాల 24 సెకన్ల ముందు ఆపారు. వారం తర్వాత, 22న పంపారు. చంద్రుడిపై దిగే వేళ ల్యాండర్ దెబ్బతిన్నా ఆర్బిటర్ మాత్రం క్షేమంగా తిరిగింది. నాలుగేళ్లకు, 2023లో చంద్రయాన్-3 ల్యాండర్ వచ్చినప్పుడు అక్కడ పలకరించింది అదే!