ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియాలో పదాల అర్థజ్ఞాన పరీక్ష: అనకాపల్లి ప్రాంత తెలుగుకు అన్వయం

వ్యాససంగ్రహం:
మెదడులోని ముందు, పక్క భాగాలు క్రమంగా క్షీణించే ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియాలో ఒక రకం పదాల అర్థాన్నే హరిస్తుంది. దీనిని గుర్తించే పరీక్షలు ప్రధానంగా ఆంగ్లభాషా సమాజాల్లో రూపొందాయి. ఆ పరీక్షల స్వరూపాన్ని వివరించి, తెలుగు లిపి, మాండలికం, వృత్తి పదజాలం దృష్ట్యా వాటిలో రావలసిన మార్పులను అనకాపల్లి ప్రాంతం ఆధారంగా చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అర్థస్మృతి, సెమాంటిక్ డిమెన్షియా, చిత్రనామకరణం, మాండలిక పదజాలం, అనకాపల్లి, తెలుగు లిపి.

1. ఉపోద్ఘాతం
మాట, దాని అర్థం విడదీయరానివని భారతీయ భాషాచింతన చెబుతూ వచ్చింది. నిత్యవ్యవహారంలో ఆ రెండూ ఒకటిగానే అనుభవంలోకి వస్తాయి. కాని మెదడుకు సోకే ఒక వ్యాధి ఆ బంధాన్ని తెంచివేస్తుంది. జీవితమంతా చెరకు సాగు చేసిన ఒక పెద్దాయనను ఉదాహరణగా ఊహించవచ్చు. “గానుగ” అన్న మాటను ఆయన స్పష్టంగా పలుకుతాడు, రాసి చూపితే తడబడకుండా చదువుతాడు. “గానుగ అంటే ఏమిటి?” అని అడిగితే మాత్రం “గానుగా? గానుగ అంటే?” అని ఎదురు ప్రశ్న వేస్తాడు. ఇంట్లోవారు దీనిని వినికిడి లోపమనో, వయసు మీద పడడమనో భావిస్తారు. నిన్న ఎవరు వచ్చారో, రేపు ఏ పని ఉందో ఆయన చెప్పగలుగుతుండడంతో అనుమానం మరింత ఆలస్యమవుతుంది.

2. వ్యాధి గుర్తింపు: చారిత్రక నేపథ్యం
ప్రేగ్ నగరంలో ఆర్నాల్డ్ పిక్ 1892లో మెదడు పక్కభాగం కుదించుకుపోయి భాష క్షీణించిన రోగిని వర్ణించాడు. జపాన్‌లో ఇమురా 1943లో ఇటువంటి స్థితికి “గోగి” భాషాలోపమని పేరు పెట్టాడు. “గోగి” అంటే పదం యొక్క అర్థమనే భావం. 1975లో ఎలిజబెత్ వారింగ్టన్ అర్థస్మృతి మాత్రమే విడిగా దెబ్బతినవచ్చునని నిరూపించింది. 1989లో స్నోడెన్, గోల్డింగ్, నియరీ “సెమాంటిక్ డిమెన్షియా” అనే పేరును ప్రతిపాదించారు.

2011లో గోర్నో-టెంపినీ, సహపరిశోధకులు ప్రకటించిన ప్రమాణాల ప్రకారం ఈ రకాన్ని నిర్ధారించడానికి రెండు లక్షణాలు తప్పనిసరి. అవి వస్తువును చూసి పేరు చెప్పలేకపోవడం, విడి పదాన్ని అర్థం చేసుకోలేకపోవడం. వీటితోపాటు నాలుగు లక్షణాల్లో కనీసం మూడు ఉండాలి: (అ) తక్కువ పరిచయమున్న వస్తువుల గురించిన జ్ఞానం తగ్గడం, (ఆ) అక్షరక్రమానికి లొంగని పదాలను తప్పుగా చదవడం లేదా రాయడం, (ఇ) విన్న మాటను తిరిగి పలికే శక్తి నిలిచివుండడం, (ఈ) ఉచ్చారణ, వ్యాకరణం చెక్కుచెదరకుండా ఉండడం.

3. అర్థజ్ఞానాన్ని పరీక్షించే పద్ధతులు
ఏ ఒక్క పరీక్షా అర్థలోపాన్ని నిర్ధారించలేదు. బొమ్మ చూపి పేరు అడగడం మొదటి మెట్టు. పేరు రాకపోవడానికి కారణాలు అనేకం. అల్జీమర్స్ వ్యాధిలో, పదాన్వేషణ ప్రధానమైన ఇతర భాషాలోపాల్లో మాట నాలుక చివర ఆగిపోతుంది, మొదటి అక్షరం అందిస్తే తరచుగా పలుకుతుంది. అర్థమే నశించినవారికి ఆ సాయం అంతగా ఉపకరించదు. తప్పుల స్వభావం కూడా గమనార్హం. ముంగిసను ముందు “పిల్లి” అనీ, కొంతకాలానికి “జంతువు” అనీ చెప్పడం ఈ వ్యాధి తీరు. ప్రత్యేకం ముందు పోతుంది, సామాన్యం చివరిదాకా మిగులుతుంది.

రెండవది విన్న పదానికి తగిన బొమ్మను ఎంచుకునే పరీక్ష. “బీరకాయ” అన్నప్పుడు ఎదుట బీరకాయతోపాటు కుర్చీ, గొడుగు ఉంచితే పరీక్ష సులభమైపోతుంది. పొట్లకాయ, దోసకాయ, కాకరకాయ ఉంచినప్పుడే అసలు లోపం బయటపడుతుంది.

మూడవది సంబంధాన్ని గుర్తించే పరీక్ష. 1992లో హోవర్డ్, ప్యాటర్సన్ ప్రచురించిన “పిరమిడ్స్ అండ్ పామ్ ట్రీస్” ఇందులో ప్రసిద్ధం. పైన పిరమిడ్ బొమ్మ, కింద రెండు చెట్ల బొమ్మలు ఉంటాయి. పిరమిడ్‌తో ముడిపడిన చెట్టు ఏదో చూపాలి. ఇటువంటివి 52 అంశాలు. మాటలతోనూ బొమ్మలతోనూ దీనిని విడివిడిగా నిర్వహించవచ్చు. రెండింటిలోనూ విఫలమైతే లోపం మాటకు పరిమితం కాలేదని, జ్ఞానానికే సోకిందని ఊహించవచ్చు.

ఒకే పదాన్ని వేర్వేరు రోజుల్లో, వేర్వేరు పరీక్షల్లో అడగడం మరొక ఆధారం. ఈరోజు తెలియనిది రేపు కూడా తెలియకపోతే ఆ జ్ఞానం నశించిందనుకోవచ్చు. ప్రవర్తన మార్పు ప్రధానమైన ఫ్రంటోటెంపోరల్ రకంలో అశ్రద్ధ, తొందరపాటు వల్ల కూడా తప్పులు వస్తాయి. అవి సాధారణంగా పూటకో రీతిగా ఉంటాయి.

4. తెలుగు లిపి తెచ్చే చిక్కు
ఆంగ్లంలో రాతకూ పలుకుకూ పొంతన లేని పదాలు అనేకం. వాటిని సరిగా చదవాలంటే పదం తెలిసి ఉండాలి. అర్థం కోల్పోయినవారు అక్షరాలను బట్టి చదివి పొరబడతారు. తెలుగు అలా కాదు. గుణింతం వచ్చినవారు తెలియని పదాన్నైనా చాలావరకు చదవగలరు. కాబట్టి నాలుగు సహాయక లక్షణాల్లో (ఆ) తెలుగులో సులభంగా కనిపించదు. నాలుగింటిలో మూడు కావలసిన చోట, ఆచరణలో మూడింటికి మూడూ కావలసివస్తుంది. అదే వ్యాధి, అదే దశ అయినా తెలుగు రోగి నిర్ధారణకు నోచుకోకపోయే ప్రమాదం ఇందులో ఉంది.

దీనికి ప్రత్యామ్నాయాలు తెలుగులోనే వెతకవచ్చు. దంత్య చ, జలకూ తాలవ్య చ, జలకూ ఆధునిక రాతలో భేదం చూపరు. “చుక్క”, “చక్రం” పదాల్లో మొదటి అక్షరం ఒకటే, పలుకు వేరు. “జల్లు”, “జలం” కూడా అంతే. ఏది దేశ్యమో ఏది సంస్కృతమో పదపరిచయమే చెబుతుంది. ఈ భేదాన్ని పాటించే వక్తల విషయంలో ఇది పరీక్షించదగిన అంశం. చెప్పి రాయించినప్పుడు శ, ష, స భేదం, ఒత్తక్షరాల ఎంపిక కూడా పదజ్ఞానాన్ని కోరుతాయి. అయితే వీటిలో ఆరోగ్యవంతులూ పొరబడతారు. అందువల్ల వ్యక్తి పూర్వపు రాతతో పోల్చి చూసినప్పుడే ఈ తప్పులకు విలువ ఉంటుంది. బడి చదువు లేనివారికి ఈ మార్గం వర్తించదు.

5. అనకాపల్లి ప్రాంతానికి తగిన పదసామగ్రి
2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైన అనకాపల్లి బెల్లం మార్కెట్‌కు పేరుపొందింది. చెరకు పరిశోధన కేంద్రం ఇక్కడ 1913 నుండి ఉంది. ఈ ప్రాంతపు వృద్ధునికి పిరమిడ్ తెలియకపోవడం వ్యాధిలక్షణం కాదు. పరీక్ష సూత్రాన్ని ఉంచుకొని సామగ్రిని మార్చడమే తగిన మార్గం. పైన గానుగ, కింద చెరకు, వెదురు ఉంచవచ్చు. రెండింటికీ కణుపులున్నాయి కనుక ఆకారం సాయపడదు, గానుగలో ఆడేది ఏదో తెలియాలి. పైన కవ్వం, కింద పెరుగు, పిండి ఉంచవచ్చు. ఇక్కడ రంగు సాయపడదు. “ఏటికొప్పాక లక్కబొమ్మను కర్రతో చేస్తారా, మట్టితో చేస్తారా?” వంటి ప్రశ్నలు బొమ్మ లేకుండానే జ్ఞానాన్ని పరీక్షిస్తాయి.

మాండలికం మరొక జాగ్రత్త. రాయలసీమ, తెలంగాణల్లో సొరకాయ అనేది కోస్తాలో ఆనపకాయ. పరీక్షపత్రంలో ఒకే పేరు ఉండి, పరీక్షకులు దానినే పట్టుకుంటే సరైన జవాబు తప్పవుతుంది. ఈ సందర్భంలో భద్రిరాజు కృష్ణమూర్తి ఆధ్వర్యంలో వెలువడిన మాండలిక వృత్తి పదకోశాలు అమూల్యమైనవి. 1962లో వెలువడిన తొలి సంపుటం వ్యవసాయ పదాలకు, 1971 నాటి రెండవ సంపుటం చేనేత పదాలకు సంబంధించినవి. నిఘంటుకారులు ఊరూరా సేకరించిన పదాలు నాడీవైద్యానికి సాధనం కాగలవు.

అయితే పరిచితమైన పదాలే ఇస్తే మరొక పొరపాటు జరుగుతుంది. నిత్యం చేతితో పట్టిన వస్తువుల జ్ఞానం ఈ వ్యాధిలో ఎక్కువకాలం నిలుస్తుంది. రైతుకు పాకం, పిప్పి, దిమ్మ తెలిసినంత మాత్రాన అర్థజ్ఞానం భద్రంగా ఉన్నట్టు కాదు. కనుక పదాలను మూడు అంచెలుగా అమర్చడం మేలు: ఇంటి పదాలు, వృత్తి పదాలు, ఊరివారందరికీ ఒకప్పుడు తెలిసినా అరుదుగా వాడే పదాలు. లోపం మూడవ అంచెలో ముందుగా కనిపించాలి. ఒక పదం ఆ వ్యక్తికి లోగడ తెలుసా లేదా అన్నది కుటుంబసభ్యులను విచారించి నిర్ధారించుకోవాలి.

6. జరిగిన కృషి – జరగవలసిన కృషి
ఈ దిశలో తెలుగుకు పునాది ఉంది. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి, సహపరిశోధకులు 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి, ద్విభాషులలో వ్యాధి సుమారు 4.5 సంవత్సరాలు ఆలస్యంగా మొదలైందని 2013లో ప్రకటించారు. భారత వైద్య పరిశోధన మండలి రూపొందించిన నాడీజ్ఞాన పరీక్షల సంపుటి తెలుగుతో సహా ఐదు భారతీయ భాషల్లో సిద్ధమైంది. ఈ పునాదిపై ప్రాంతీయ పదసామగ్రిని చేర్చవలసి ఉంది. ముందుగా అదే ప్రాంతంలో అదే వయసు, చదువు, వృత్తి కలిగిన ఆరోగ్యవంతులకు ఆ పరీక్షను నిర్వహించి ప్రమాణాలు స్థిరపరచాలి. అది లేనిదే ఏ మార్కునూ లోపమని పేర్కొనడానికి వీలులేదు.

7. ముగింపు
వ్యాధిని నయం చేసే మందు ఇప్పటికి లేదు. అయినా నిర్ధారణకు విలువ ఉంది. “కావాలని అర్థం కానట్టు నటిస్తున్నాడు” అన్న నింద తొలగుతుంది. మాటకు బదులు వస్తువును చూపడం, చిన్న వాక్యాలతో అడగడం, దైనందిన క్రమాన్ని మార్చకపోవడం వంటి జాగ్రత్తలు కుటుంబానికి అందుతాయి. అనువాదంతో వచ్చిన పరీక్ష ఆరోగ్యవంతుణ్ణి రోగిగా, రోగిని ఆరోగ్యవంతునిగా చూపగలదు. దానిని సరిదిద్దే సామగ్రి వైద్యశాలలో ఒక్కచోటే లభించదు. మాండలిక పరిశోధకులు, భాషాశాస్త్ర అధ్యాపకులు, నాడీవైద్యులు కలిసి పనిచేసినప్పుడే అనకాపల్లి పెద్దల అర్థజ్ఞానాన్ని వారి మాటల్లోనే కొలవడం సాధ్యమవుతుంది.