దివాలా ప్రక్రియలో క్లెయిము తిరస్కరణ: రుణదాత అప్పీలు హక్కు – పరిశీలన

వ్యాససంగ్రహం:
కంపెనీ లిక్విడేషన్‌లో రుణదాత క్లెయిమును లిక్విడేటర్ తిరస్కరిస్తే మిగిలే న్యాయమార్గం ఏమిటి? ఇన్‌సాల్వెన్సీ అండ్ బ్యాంక్రప్ట్సీ కోడ్ – 2016 (ఇకపై ‘కోడ్’)లోని 38 నుంచి 42 వరకు గల సెక్షన్లను, 2018 సవరణతో ఏర్పడిన రూపంలో, ఈ వ్యాసం వివరిస్తుంది. అప్పీలు హక్కుకు నిజమైన ఆధారం తిరస్కరణకు రాతపూర్వకంగా చూపే కారణాలేనని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: దివాలా, లిక్విడేటర్, క్లెయిము, తిరస్కరణ, అప్పీలు.

1. ఉపోద్ఘాతం:
అప్పులు తీర్చలేక చేతులెత్తేసినవాణ్ణి “ఐ.పి. పెట్టాడు” అనడం తెలుగునాట పరిపాటి. ఇన్‌సాల్వెన్సీ పిటిషన్‌కు సంక్షిప్తరూపమైన ఈ పలుకుబడిలో దృష్టి అంతా అప్పు తీసుకున్నవాని మీదే ఉంటుంది. అప్పు ఇచ్చినవాని స్థితి మరుగున పడుతుంది. దివాలా సమష్టి ప్రక్రియ. ఆస్తులు ఒకే అధికారి అధీనంలోకి వస్తాయి. వ్యక్తి దివాలాలో ఆ అధికారిని ట్రస్టీ అనీ, కంపెనీ విషయంలో లిక్విడేటర్ అనీ కోడ్ వ్యవహరిస్తుంది. లిక్విడేషన్ ఉత్తర్వు వెలువడ్డాక కంపెనీపై కొత్త దావా వేయరాదు. కాబట్టి హామీ లేని రుణదాతకు క్లెయిమే ప్రధాన ఆధారం. అది తిరస్కరణకు గురైతే పంపిణీలో అతనికి భాగం లేనట్టే.

2. నిర్ణయ క్రమం:
లిక్విడేషన్ ప్రారంభమైన 30 రోజుల లోపు లిక్విడేటర్ క్లెయిములను స్వీకరించాలని 38వ సెక్షన్ నిర్దేశిస్తుంది. 39వ సెక్షన్ వాటి పరిశీలనకు, అవసరమైన పత్రాలను కోరడానికి అధికారం ఇస్తుంది. 40వ సెక్షన్ ప్రకారం క్లెయిమును పూర్తిగా గాని, పాక్షికంగా గాని అంగీకరించవచ్చు, తిరస్కరించవచ్చు. తిరస్కరిస్తే కారణాలను రాతపూర్వకంగా నమోదు చేయాలి. నిర్ణయాన్ని 7 రోజులలో రుణదాతకూ కంపెనీకీ తెలియజేయాలి.

3. నిర్ణయ స్వభావం:
స్విస్ రిబ్బన్స్ కేసులో (2019) సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన భేదాన్ని స్పష్టం చేసింది. పరిష్కార దశలో క్లెయిములను సేకరించే రిజల్యూషన్ ప్రొఫెషనల్‌ది పరిపాలనాపరమైన పాత్ర. లిక్విడేటర్ చేసే నిర్ధారణ మాత్రం అర్ధన్యాయిక నిర్ణయం. అందుకే దానిపై 42వ సెక్షన్ కింద అప్పీలు ఉంది. ఇతరుల హక్కును తేల్చే అధికారం ఉన్నచోట కారణాలు చెప్పే బాధ్యత కూడా ఉంటుంది. 40వ సెక్షన్‌లోని షరతును ఈ వెలుగులో చదవాలి.

4. అప్పీలు, గడువు:
నిర్ణయం అందిన 14 రోజుల లోపు జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్‌కు అప్పీలు చేయాలి. గడువు లెక్క నిర్ణయం అందిన తేదీ నుంచి మొదలవుతుంది కనుక ఆ తేదీకి రుజువు భద్రపరచుకోవాలి. మొదట తిరస్కరణకే పరిమితమైన ఈ హక్కును 2018 సవరణ అంగీకార నిర్ణయాలకూ విస్తరించింది. ఒకరి క్లెయిము అధికంగా అంగీకృతమైతే అదే శ్రేణిలోని ఇతరుల వాటా తగ్గుతుంది కనుక ఈ విస్తరణ సమంజసం. ట్రిబ్యునల్ ఉత్తర్వుపై అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు వెళ్లడానికి 30 రోజుల గడువుంది. తగిన కారణం చూపితే మరో 15 రోజులు లభించవచ్చు. న్యాయప్రశ్నపై మాత్రమే సుప్రీంకోర్టుకు వెళ్లవచ్చు. తెలుగు రాష్ట్రాలకు హైదరాబాదు, అమరావతి బెంచీలు, ఆపైన చెన్నైలోని అప్పిలేట్ బెంచి ఉన్నాయి.

5. కారణాల ప్రాధాన్యం:
ఒక ఉదాహరణను ఊహిద్దాం. అట్టపెట్టెలు సరఫరా చేసిన చిన్న సంస్థ 12 లక్షల రూపాయలకు క్లెయిము వేసింది. లిక్విడేటర్ 7 లక్షలు అంగీకరించారు. సరుకు అందినట్టు రుజువు లేదని 3 లక్షలు, వడ్డీకి ఒప్పందం లేదని 2 లక్షలు తిరస్కరించారు. అప్పుడు రుణదాతకు దారి స్పష్టం. మొదటిదానికి డెలివరీ చలానులు, లారీ రసీదులు చూపాలి. రెండోదానికి కొనుగోలు ఆర్డరులోని వడ్డీ షరతు చూపాలి. అప్పుకు కాలదోషం పట్టిందన్నది కారణమైతే, బాకీని అంగీకరిస్తూ కంపెనీ గడువులోగా రాసిన లేఖ కీలకమవుతుంది. అలా కాక “తగిన పత్రాలు లేవు” అన్న ఒక్క వాక్యంతో 5 లక్షలు కొట్టివేస్తే, దేనికి జవాబు చెప్పాలో తెలియకుండానే 14 రోజులు గడిచిపోతాయి.

1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ యాక్ట్‌తో పోల్చి చూడవచ్చు. రిసీవర్ చర్యపై 68వ సెక్షన్ 21 రోజుల గడువు ఇచ్చింది. ఆ చర్యను ఖాయపరచడానికి, రద్దు చేయడానికి, మార్చడానికి కోర్టుకు గల అధికారాన్ని కూడా విడమరచి చెప్పింది. 42వ సెక్షన్ అప్పీలు చేయవచ్చునని మాత్రమే చెబుతుంది. విచారణ తీరును వివరించదు. గడువు కుదించుకుపోయి, విచారణ పరిధి అస్పష్టంగా ఉన్నచోట తిరస్కరణ లేఖ స్పష్టతే రుణదాతకు రక్షణ.

6. ముగింపు:
హామీ ఉన్న పెద్ద బ్యాంకులకు న్యాయవాదుల బలం ఉంటుంది. 14 రోజుల భారం ముఖ్యంగా చిన్న సరఫరాదారుల మీద, కార్మికుల మీద పడుతుంది. కాబట్టి కారణం లేని తిరస్కరణను కేవలం లాంఛనలోపంగా చూడరాదు. అది అప్పీలు హక్కునే నిష్ఫలం చేస్తుంది. అటువంటి సందర్భంలో క్లెయిమును సకారణ పునర్నిర్ణయానికి తిప్పి పంపడం, లేదా రుణదాత కొత్త పత్రాలను స్వీకరించి ట్రిబ్యునలే తేల్చడం సమంజసమని ఈ వ్యాసం అభిప్రాయపడుతుంది. ఆస్తులు పంపిణీ అయిన తరువాత దక్కిన న్యాయం కాగితానికే పరిమితమవుతుంది.