‘మైసిర్’ అనే పదం – గుండాట

“వ్యవసాయమే ఒక జూదం” అని మన రైతులు అంటూ ఉంటారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు మండలం పల్లిసారథి వద్ద తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను పడగొట్టినప్పుడు ఆ మాటను కాదనడం ఎవరికైనా కష్టమే. అయితే దీన్నే అడ్డుపెట్టుకుని, “మరి సంక్రాంతికి నాలుగు రూపాయలు గుండాటలో పెడితే తప్పేమిటి? అదీ అదృష్టమే కదా!” అనేవారున్నారు. కనుక దివ్య ఖుర్‌ఆన్ వాడిన ‘మైసిర్’ అనే పదం దేనికి వర్తిస్తుందో చూడాలి.

తెలుగు ‘జూదం’, ఉర్దూ ‘జువా’ రెండూ సంస్కృత ‘ద్యూతం’ నుండి వచ్చినవే. మైసిర్ దారి వేరు. దీన్ని ‘సులభం’ అనే అర్థమిచ్చే ‘యుస్ర్’తో ముడిపెట్టిన నిఘంటుకారులు పెక్కుమంది. అంటే శ్రమ లేకుండా చేతికొచ్చే సొమ్ము. అజ్ఞానకాలపు అరబ్బులు ఒంటెను కోసి, పది బాణాలతో వంతులు తీసేవారు. ఏడు బాణాలకు ఒకటి నుండి ఏడు వరకు వాటాలు; మూడు వట్టివి. ఏడు వాటాల బాణం పేరు ‘ముఅల్లా’. సింహభాగం దక్కినవారిని గూర్చి అరబీలో ఈనాటికీ ఆ పేరే వాడతారు. వట్టి బాణం వచ్చినవారు ఒంటె ధర చెల్లించాలి. గెలిచినవారు మాంసాన్ని తాము తినక పేదలకు పంచేవారు. ఆడనివాణ్ణి పిసినారి అని ఎగతాళి చేసేవారు!

ఇంతటి దానగుణమున్న ఆటనే ఖుర్‌ఆన్ నిషేధించిందన్న సంగతి గమనించదగినది. అందులో కొంత లాభం ఉందని అంగీకరిస్తూనే, పాపం అంతకంటే పెద్దదని బఖరా సూరా 219వ ఆయత్ తెలుపుతుంది. మాయిదా సూరా 90, 91 ఆయత్‌లు ద్వేషాన్ని, నమాజు పట్ల అశ్రద్ధను కారణాలుగా చూపాయి. కనుక “వచ్చిన డబ్బు ఊరి మంచికే” అనే సాకు నిలవదు. పిల్లలు అక్రోటు కాయలతో పందెం కాయడం కూడా మైసిరేనని తొలితరం పండితులు భావించారు. పాచికల ఆట ‘నర్ద్’నైతే, పందెం లేకున్నా కూడదనేది అధిక సంఖ్యాక ఫుఖహాల అభిప్రాయం.

గుండాటలో ఆరు గుర్తుల పటం, అవే గుర్తులున్న పాచికలు ఉంటాయి. చెల్లింపు పద్ధతి చోటును బట్టి మారుతుంది. మూడు పాచికలు వేసి, పందెం కాసిన గుర్తు ఎన్నిటిపై పడితే అన్ని రెట్లు ఇచ్చే పద్ధతినే తీసుకోండి. 216 విధాలుగా పాచికలు పడవచ్చు; 125 సార్లు మన రూపాయి పోతుంది. తక్కిన 91 సార్లూ కలిపి వచ్చేది 108 రూపాయలే. ప్రతి 216 రూపాయలకు 17 నిర్వాహకునివి. అతనికిది అదృష్టం కాదు, ఆదాయం.

జీడితోటలో వాన, గాలి మన చేతిలో లేవు. కాని చెట్టు కాస్తే పలాస కర్మాగారానికి గింజ చేరుతుంది. ఒకరి లాభం కోసం మరొకరు ఓడనక్కరలేదు. “వ్యవసాయం జూదం” అన్నది ఉపమానమే. రైతు నిజంగా జాగ్రత్తపడవలసిన చోటు వేరే ఉంది: పూత మీదనే ఫలసాయాన్ని అమ్మివేయడం. పంట పక్వత తెలిసేదాకా అమ్మరాదని దైవప్రవక్త (స) వారించారు. దీన్ని ఫుఖహాలు ‘గరర్’ (అనిశ్చిత బేరం) కింద చర్చించారు.